మూడో ఆవిడ ఎవరు?

మన విజయవాడ పాత ఫోటోలకి నకళ్ళు తీసుకునే ఈ కార్యక్రమానికి వచ్చిన అందరికీ నమస్కారం. ఇంత ఎండలో సంచుల నిండా ఆల్బమ్‌లు మోసుకొచ్చిన పెద్దవాళ్ళకి ముందు మంచినీళ్ళు ఇవ్వండి బాబూ, నా మాటలకేం తొందర.

ఇదిగో, ఈ ఫోటో మా నాన్నమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. ఇక్కడే వన్‌టౌన్‌లో, మా పాత డాబా మీద తీసింది. పిట్టగోడ పక్కన ముగ్గురు ఆడవాళ్ళు. ఎడమవైపు నాన్నమ్మ. మధ్యలో పక్కింటి పిన్నిగారు. మూడో ఆవిడ తలలో చేమంతులు పెట్టుకుని, చంకలో పిల్లాడితో నవ్వుతోంది. ఎవరో తెలీదు. ఫోటో వెనక ఒక్క అక్షరం లేదు. నాన్నమ్మ ఉన్నన్నాళ్ళూ అడగాలని తోచలేదు. అదీ నా నిర్వాకం!

ఎప్పటిదో మాత్రం కొండ చెప్పింది. వాళ్ళ వెనకాల గాంధీ కొండ ఉంది, దాని మీద స్తూపం లేదు. 52 అడుగుల ఆ స్తూపాన్ని 1968 అక్టోబరులో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. అంటే ఫోటో అంతకు ముందుది. ఆ కొండకి పాత పేరు ఓర్ కొండ. కృష్ణ మీద మొదటి ఆనకట్ట కట్టించిన ఓర్ దొర పేరు అది.

ఏటి ఒడ్డు ఫోటోలకీ ఇదే లెక్క. 1855లో పూర్తయిన ఆ ఆనకట్ట 1952లో తెగింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. స్నానాల రేవు ఫోటోలో బ్యారేజీ కనిపిస్తోందో లేదో చూడండి. కొట్టు బోర్డు మీద బెజవాడ అని ఉందో, విజయవాడ అని ఉందో చూడండి. స్టూడియో ఫోటోలే పాపం, తెర మీద పెయింటు వేసిన పూలతోట తప్ప ఇంకేమీ చెప్పవు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల పెళ్ళి ఆల్బమ్ మునిగింది. కంగారులో ఎండబెట్టి, ప్లాస్టిక్ కాగితం పీకారు. పెళ్ళికొడుకు మొహం ఆ కాగితంతో పాటే ఊడొచ్చింది. తడిసిన ఫోటోల్ని అతుక్కుని ఆరిపోనివ్వకూడదు. బేసిన్‌లో శుభ్రమైన చన్నీళ్ళు పోసి అందులో ఉంచితే చాలావరకు వాటంతట అవే విడతాయి. తర్వాత బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద పరిచి నీడలో ఆరబెట్టాలి.

మీ ఫోటోలు మేం ఉంచుకోం, భయపడకండి. కిటికీ దగ్గర ఫోన్‌తో తీసుకుని మీ ఎదురుగానే తిరిగిచ్చేస్తాం. ఒక్క సాయం చెయ్యండి. వెనక పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా పేర్లు రాయండి. బాల్ పెన్ను అయితే అచ్చు ఇవతలికి పడుతుంది. ‘అమ్మమ్మ’ అని రాసి ఊరుకోకండి. ఎవరి అమ్మమ్మ? ఏ వీధి?

సరే, నా ఫోటో ఈ బల్ల మీద పెడుతున్నా. చంకలో పిల్లాడికి ఇప్పుడు అరవైకి దగ్గరో, ఆ పైనో ఉంటాయి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది. మగవాళ్ళందరూ ఒకసారి తడిమి చూసుకోండి.