పంటు మీద పియానో

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి "మాస్టారూ, గ్రంథాలయ వారోత్సవాలకి పుస్తకాల గురించి కాసేపు మాట్లాడండి, వీలైతే మీ కీబోర్డు కూడా తెచ్చుకోండి" అన్నారు. నేను రెంటికీ పనికొచ్చే మనిషి ఒకాయన్ని తీసుకొచ్చాను. పేరు చార్లెస్ రోజెన్, న్యూయార్క్‌లో 1927లో పుట్టి 2012లో పోయారు. కచేరీలు చేసే పియానిస్టు, పైగా పండితుడు.

కోనసీమలో పియానో ఉపన్యాసం ఏంటి అని వెనక బెంచీల్లో నవ్వుతున్నారు, కనపడుతోంది. నేనూ తిన్నగా పియానో దగ్గరికి రాలేదులెండి, పద్యనాటకాల హార్మోనియం నుంచి వచ్చాను. చిన్నప్పుడు ఒక మిషన్ బళ్ళో పాత పియానో ఉండేది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేశాయి, శ్రావణమాసం వచ్చిందంటే చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు కిందే ఉండిపోయేది, వేలితో మళ్ళీ పైకి లాగాలి. దాని మీదే నేర్చుకున్నాను, అదీ చదువే.

తర్వాత ఉద్యోగంలో చేరాక, ప్రైవేటుగా ఎమ్మే కడతానంటే ఒక పెద్దమనిషి "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకోయ్, వాయించుకునేవాడివి వాయించుకో" అన్నారు. ఏమీ అనలేకపోయాను. సాయంత్రం రేవులో పంటు ఎక్కాక తట్టింది నాకు, అసలు పంటు అంటే ఏంటండీ, రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిచిందే కదా! గేదెలూ మోటారు సైకిళ్ళూ పెళ్ళివారూ అందరూ దాని మీదే గోదారి దాటుతున్నారు. ఆ జవాబు ఆయనకి చెప్పడం మాత్రం కుదరలేదు.

రోజెన్ గారి సంగతికొస్తే, పదకొండో ఏట మోరిస్ రోజెంతాల్ అనే గురువు దగ్గర చేరారు. ఆ రోజెంతాల్ స్వయంగా లిస్ట్ అనే పెద్ద పియానో విద్వాంసుడి శిష్యుడు, అంతకుముందు షోపాన్ అనే స్వరకర్త శిష్యుడైన మికూలి దగ్గర నేర్చుకున్నవాడు. మనవాళ్ళు త్యాగరాజ శిష్యపరంపర అని లెక్క చెప్పుకుంటారే, అలాగన్నమాట. మరి ఇంత పరంపర ఉన్నాయన ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ దేంట్లో చేశారు? ఫ్రెంచి సాహిత్యంలో! 1951లో డాక్టరేటు చేతికొచ్చింది, న్యూయార్క్‌లో మొదటి కచేరీ కూడా ఆ ఏడాదే. కొన్నాళ్ళు ఎంఐటీలో ఫ్రెంచి పాఠాలు చెప్పారు, ఇంకోపక్క ఎలియట్ కార్టర్ లాంటి కొత్త తరం స్వరకర్తల సంగీతం వాయించారు.

ఇక పుస్తకాల్లోకి ఎలా వచ్చారంటే, కోపంతో. ఈయన వాయించిన షోపాన్ సంగీతం రికార్డు ఒకటి విడుదలైతే, అట్ట వెనక ఎవరో ఆ సంగీతం పూల వాసనకి మత్తెక్కి తూలుతున్నట్టు ఉందని రాశారట. ఈయనకి ఒళ్ళు మండింది, తను వాయించింది అది కాదు. అప్పట్నుంచి అట్ట వెనక మాటలు తనే రాసుకోవడం మొదలెట్టారు, అవి చూసి ప్రచురణకర్తలు పుస్తకం అడిగారు. అలా 1971లో 'ది క్లాసికల్ స్టైల్' వచ్చింది, హైడన్, మోత్సార్ట్, బేతోవెన్ అనే ముగ్గురు స్వరకర్తల మీదా. మరుసటేడు దానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు.

ఒకటి చెప్తే మీరు నవ్వుతారు. ఈయన కష్టమైన చోట్లు సాధన చేస్తూ పుస్తకాలు చదివేవారు, ఒకేసారి! కవిత్వం చదివితే లయ దెబ్బతింటుందట, గొప్ప వచనమైతే మనసు అటే పోతుందట, అందుకని డిటెక్టివ్ నవలలు, సోషియాలజీ, సాహిత్య విమర్శ అయితే బాగా పనికొస్తాయన్నారు. ముందు వరసలో విమర్శకులున్నారు, నన్నేమీ అనుకోకండి, మాట ఆయనదే.

మనకీ ఇలాంటివారు లేకపోలేదు. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు పాటలు రాశారు, బాణీలు కట్టారు, పాడారు, రేడియోలో ఉద్యోగం చేశారు, ఆ చేత్తోనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాసి 1961లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు.

కానీ రోజెన్‌లో నాకు నచ్చింది బిరుదులు కాదు, ఆయన పాండిత్యం వేళ్ళ దగ్గర మొదలవుతుంది. 'ఆహా, ఫలానా ఆయన వేలు ఆనిస్తే చాలు తేనె' అంటుంటాం కదా, ఆయన ఒప్పుకోరు. పియానో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి ఎగిరి తీగని కొడుతుంది, తీగని తాకే ముందే దానికీ మీ వేలికీ సంబంధం తెగిపోతుంది. సుత్తి ఎంత జోరుగా వెళ్ళిందన్నదే మీ చేతిలో ఉన్నది. వీణ మీదైతే మీటాక కూడా తీగని లాగి గమకం పలికించొచ్చు, ఇక్కడ అదేం లేదు, మోగిన స్వరం చల్లారిపోవడమే. కాబట్టి అందం ఒక్క స్వరంలో లేదు, నాలుగు స్వరాలు కలిసినప్పుడు ఏది పైకి తేవాలి, ఏది అణచాలి అన్న పాళ్ళలో ఉంది. ఇది తెలిశాక నా సాధనే మారిపోయింది, అంతకుముందు భుజాలు ఊపుతూ తెగ భావం ఒలకబోసేవాణ్ణి.

ఇంకొకటి. షూమన్ అనే జర్మన్ స్వరకర్త 1839లో 'హ్యూమరెస్క్' అని పియానోకి ఒక రచన రాశాడు. స్వరాలు రాసిన ఆ కాగితంలో ఒకచోట మామూలు రెండు వరసలకి బదులు మూడు వరసలుంటాయి. పైది కుడిచేతికి, కిందది ఎడమచేతికి, మధ్యలో ఇంకో వరస, దాని పక్కన 'లోపలి గొంతు' అని రాసి ఉంటుంది. అది వాయించకూడదు! కాగితం మీద ఉంది, చెవికి వినపడదు. రోజెన్ దీని మీద శ్రద్ధగా రాశారు: ఆ పాట వాయించేవాడి మనసులో నడవాలి, వినేవాళ్ళకి అందేది దాని ప్రతిధ్వనే అని. పుస్తకం చూడనివాడికి అలాంటి వరస ఒకటుందనే తెలీదు, పియానో ముట్టనివాడికి అది మనసులో పాడుకుంటూ పక్క వరసలు వాయించడం ఎంత కష్టమో తెలీదు.

ఆ కాస్త ముక్క ఇప్పుడు వాయిస్తాను. వేగం సగానికి తగ్గించాను, నా వేళ్ళు అంతే. మధ్య వరస ముందు ఒంటరిగా పాడి వినిపిస్తాను, తర్వాత నోరు మూసుకుని మిగతా రెండూ వాయిస్తాను, అది మీకు వినపడుతోందో లేదో మీరే చెప్పాలి. బాబూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపు.