తెర కింద రెండు వరుసలు

సభకు నమస్కారం.

ఇతర దేశాల సినిమాలను, పెద్ద పెట్టుబడి లేకుండా తీసిన స్వతంత్ర సినిమాలను హనుమకొండలో నెలకొకసారి చూపిస్తున్న మా చిన్న బృందం తరఫున మాట్లాడమన్నప్పుడు, ఏయే సినిమాలు చూడాలో చెబుతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను మాత్రం తెర కింద కనిపించే రెండు వరుసల గురించి, అంటే సబ్‌టైటిళ్ల గురించి మాట్లాడదలచుకున్నాను. అవి తెలుగులో లేనంత కాలం మనం ఎంత గొప్ప సినిమా తెచ్చినా అది సగం హాలుకే చేరుతుందన్నది నా వాదన.

మంచి సినిమాలను నలుగురూ కలిసి చూసి మాట్లాడుకునే ఫిలిం సొసైటీల చరిత్ర మన దేశంలో గౌరవించదగినది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, వారి మిత్రులు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించారు. 1952లో బొంబాయిలో మొదలైన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘బైసికిల్ థీవ్స్’, ‘రాషోమన్’ వంటి సినిమాలు చూసి మన దర్శకులు ఎందరో ఆలోచనలో పడ్డారు. 1959లో ఈ సొసైటీలన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడినప్పుడు రాయ్ దానికి తొలి అధ్యక్షుడయ్యారు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లోనే ఫిలిం సొసైటీని నడిపిన శ్యామ్ బెనగల్, 1974లో ‘అంకుర్’తో తెలంగాణ పల్లెను దేశం ముందు పెట్టారు. మన పొరుగున కరీంనగర్‌లో కూడా ఇలాంటి సొసైటీ పనిచేసింది. అయితే అన్ని చోట్లా విదేశీ సినిమా ఇంగ్లీషు అక్షరాల మీదుగానే వచ్చింది కాబట్టి, ఆ అక్షరాలు పరుగున చదవగలిగినవాళ్లే ప్రేక్షకులుగా మిగిలారు. ప్రింటు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో పనిచేసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇప్పుడు మనకు ఆ సాకు లేదని మాత్రమే అంటున్నాను.

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తామి 1987లో తీసిన ఒక సినిమాను ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో మేము వేసిన సాయంత్రం సంగతి చెబుతాను. కథ చిన్నది. అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున తోటి విద్యార్థి నోటుబుక్కును ఇంటికి తెచ్చుకుంటాడు. మర్నాడు ఆ పుస్తకంలో హోంవర్కు లేకపోతే ఆ పిల్లవాణ్ని బడి నుంచి పంపించేస్తానని సారు అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. దాన్ని తిరిగి ఇవ్వడానికి అహ్మద్ గుట్ట ఎక్కి దిగి పక్క ఊరికి పరుగెత్తుతాడు. వరంగల్ కొత్తవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, జీవితమంతా మగ్గం మీద గడిపిన మనిషి, మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నాడు. పది నిమిషాలకొకసారి “పోరడు ఏమంటుండు బిడ్డా?” అని అడుగుతున్నాడు, ఎనిమిదో తరగతి చదివే మనవడు తనకు అర్థమైనంత చెబుతున్నాడు. కాసేపటికి ముందు వరుసలో ఇద్దరు, వెనక వరుసలో ముగ్గురు ఆ పిల్లవాడి వైపు చెవులు రిక్కించారు. సినిమా అయ్యాక ఒక మిత్రుడు చప్పుడు ఎక్కువైందని నా దగ్గర ఫిర్యాదు చేశాడు. ఆ సాయంత్రం హాల్లో జరిగిన అసలు పని ఆ చప్పుడేనని నాకు అనిపించింది.

నిజానికి బొమ్మ పక్కన నిలబడి కథ చెప్పే మనిషి మనకు కొత్తవాడు కాదు. మొన్నమొన్నటి దాకా మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాశీలు అనే చిత్రకారులు గీసిన పటాన్ని వేలాడదీసి, గడి తర్వాత గడి విప్పుతూ, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కులపురాణం చెప్పేవారు. జపానులో మూకీల కాలంలో తెర పక్కన కూర్చుని కథ వినిపించే బెన్షీలు ఉండేవారు. ‘రాషోమన్’ తీసిన కురొసావా అన్నగారు హేగో అలాంటివాడే. కొత్తవాడ మనవడు ఆ రాత్రి ఈ వరుసలోనే చేరాడు.

ఇంకొక సంగతి జరిగింది. సినిమా మొదలయ్యే ముందు నేను దాని పేరును ఫారసీలో చదివాను: ‘ఖానె-యె దూస్త్ కొజాస్త్’. ఇంగ్లీషు పేరు చూసి మేము కరపత్రంలో ‘మిత్రుని గృహం ఎక్కడ?’ అని అచ్చువేయించాం. పెద్దాయన బయటికి వెళ్తూ, “దోస్తు అనంగనె సమజైంది, మిత్రుడెందుకు మధ్యల?” అన్నాడు. దవాఖానలోని ఖానా, మనం రోజూ అనుకునే దోస్తు, రెండూ ఫారసీ నుంచి మన నోటికి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మాటలే. వాటిని ఇంగ్లీషు దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి గ్రాంథికంలోకి దించి, మన మాటను మనమే పరాయి చేశామన్నమాట. ఆ తర్వాతే ‘దోస్తు ఇల్లెక్కడ?’ అని మార్చాం, తెలుగు సబ్‌టైటిళ్లు రాయడానికి కూర్చున్నాం.

పనిలో దిగితే తప్ప దాని కష్టం తెలియదు. తెర మీద ఒకసారికి రెండు వరుసలకు మించి పెట్టకూడదు, అవి ఆరేడు సెకన్లకు మించి నిలవకూడదు. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. కొన్ని ప్లేయర్లలో సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. అందుకే అక్షరాలను బొమ్మలోనే కలిపి ఫైలు తయారుచేసుకుంటున్నాం. మన క్రియ వాక్యం చివర వస్తుంది, కాదనడం కూడా అక్కడే తేలుతుంది. ‘నీ పుస్తకం నేను కావాలని’ దగ్గర సబ్‌టైటిల్‌ను తెంపి, ‘తీసుకోలేదు’ను తర్వాతి సబ్‌టైటిల్‌కు వదిలితే, ఆ రెండు సెకన్లూ పిల్లవాడు దొంగగా కనిపిస్తాడు. హక్కుల విషయం ఒక్క మాటలో చెబుతాను: డిస్కు కొన్నంత మాత్రాన నలుగురి ముందు వేసే హక్కు రాదు, ప్రదర్శనకు, అనువాదానికి హక్కుదారును అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ తగవు సంబోధన దగ్గర వస్తుంది. ఫారసీలో నువ్వు, మీరు వేర్వేరు. ఇంగ్లీషులో రెండూ ఒకటే. ఇంగ్లీషు నుంచి రాసేటప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో ముఖాలు చూసి తెలుసుకోవాలి. అమ్మను మీరు అనే పిల్లవాడు మన పల్లెల్లో లేడు, సారును నువ్వు అనేవాడూ లేడు.

వచ్చే నెల జపాను దర్శకుడు ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ వేస్తున్నాం. పట్నంలోని బిడ్డలను చూడబోయిన ముసలి దంపతుల కథ. చివర్లో ఇంటి చిన్నకూతురు, చనిపోయిన అన్న భార్యతో, లోకం తీరు ఇంత చేదుగా ఉందేమని అడుగుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌ను ఉన్నదున్నట్టు తెస్తే ‘జీవితం నిరాశాజనకం కదా?’ అని వస్తుంది; అలా అడిగే ఆడపిల్ల నాకు ఈ జిల్లాలో తగలలేదు. ‘లోకమంటే ఇంతేనా వదినా?’ అని ప్రస్తుతానికి రాసి పెట్టాం. వదినా అన్న పిలుపుతో వాళ్లిద్దరి మధ్య ఉన్నది కొంత తిరిగి వచ్చింది కానీ, ‘ఇంతేనా’ దగ్గర మా బృందంలో ఇంకా ఇద్దరు ఒప్పుకోవడం లేదు. బయట బల్ల మీద నోటుబుక్కు ఉంచాం. ఇంతకంటే మంచి మాట తడితే అందులో రాసి వెళ్లండి.