కింద పడ్డ సంచి దొర్లదు

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద పెట్టిన మూడు గుడ్డ సంచులను ముందుగా ఒకసారి చూడండి. ఒక్కొక్కటి గుప్పెట్లో ఇమిడేంత ఉంటుంది. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో కుట్టి, లోపల రాగులు పోశాను. రబ్బరు బంతి చెయ్యి జారితే ఏ మంచం కింద దూరి వెతుక్కోవాలో మీకు తెలిసిందే; ఈ సంచి మాత్రం పడ్డచోటే చతికిలబడుతుంది. ఇటువంటి సంచులను గాలిలోకి ఎగరేసి పట్టుకునే ఆట గురించి నేను చెప్పబోయేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

జపానులో ఇటువంటి సంచిని ఒతెదమ అంటారు. పాత కిమోనోల పట్టుగుడ్డ ముక్కలతో కుట్టి, అజుకి అనే చిన్న ఎర్రగింజలు పోసేవారు. అందులో నాకు బాగా నచ్చిన కుట్టు ఒకటుంది: రెండు రంగుల గుడ్డల్లోంచి రెండేసి దీర్ఘచతురస్రపు ముక్కలు కత్తిరించి, రంగులు మార్చి మార్చి ఒకదాని అంచును మరొకదాని పక్కకు కలుపుకుంటూ పోతే, చివరకు చిన్న దిండులాంటి ఆకారం తిరుగుతుంది. ఒక మూల తెరిచి ఉంచి గింజలు పోసి, ఆ మూలను చేత్తో కుట్టేస్తారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తిండికి కటకటలాడిన ఇళ్లలో ఈ సంచులు విప్పి, లోపలి గింజలు వండుకున్నారు. ఆటవస్తువు కడుపు నింపిన సందర్భాలు అరుదు.

ఒతెదమ ఆటలో రెండు పద్ధతులున్నాయి. యొసెదమ అనే పద్ధతిలో ఒక సంచిని పైకి ఎగరేసి, అది దిగివచ్చేలోగా నేలమీది సంచులను ఏరుకుని, దాన్ని తిరిగి అందుకోవాలి. ఇది వినగానే మీలో చాలామందికి అరుగు మీద ఆడిన అచ్చనగాయలు గుర్తుకు వచ్చి ఉంటాయి, తెలంగాణలో కచ్చకాయలంటారు. బూడిదరంగులో నున్నగా ఉండే గచ్చగింజలతో ఒకట్లు, రెండ్లు, మూళ్లు అంటూ సాగే ఆ ఆటకూ దీనికీ తేడా చేతిలోని వస్తువులోనే ఉంది. రెండోది నగెదమ. ఇందులో నేలతో పని లేదు. రెండు మూడు సంచులు వరసగా గాలిలోకి లేస్తూనే ఉండాలి. మన ఆట ఈ మెట్టు ఎక్కలేదు, ఎందుకో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మరో మాట. ఈజిప్టులోని బెనీ హసన్ సమాధి గోడపై దాదాపు 4000 ఏళ్ల కిందటి చిత్రంలో బంతులు ఎగరేస్తున్నది స్త్రీలు. పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల్లో హికో పేరుతో గుండ్రని కాయలను ఎగరేసే ఆట ఆడపిల్లలది. కెప్టెన్ కుక్ నౌకలో వెళ్లిన గేయోర్గ్ ఫోర్‌స్టర్ 1773లో అక్కడ ఒక చిన్నపిల్ల ఆడుతుంటే చూసి రాసిపెట్టాడు. సర్కస్ డేరా ఎక్కకముందే ఈ విద్య వాకిళ్లలో ఉందన్నమాట.

ఇక పని సంగతి. మూడు సంచుల ఆటలో ఒకటి కంటి ఎత్తుకు చేరి కిందికి మళ్లే క్షణంలో, రెండో చేతిలోనిదాన్ని దాని లోపలి పక్కగా పైకి వేయాలి. కొత్తవారందరూ చేసే తప్పు ఒకటే: రెండోదాన్ని పైకి వేయకుండా పక్క చేతికి గబుక్కున అందించేస్తారు. తమాషా ఏమిటంటే, టోంగాలోనూ జపానులోనూ ఆ అందించడమే అసలు పద్ధతి. ఒక చెయ్యి ఎత్తుగా వేస్తూ ఉంటుంది, రెండోది పట్టి అందిస్తూ ఉంటుంది.

సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ ఈ ఆటకు ఒక సూత్రం కట్టాడు. వస్తువు గాలిలో ఉండే కాలానికి చేతిలో ఉండే కాలం కలిపి చేతుల సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చేదీ, చెయ్యి ఖాళీగా ఉండే కాలానికి పట్టుకున్న కాలం కలిపి వస్తువుల సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చేదీ సమానం. చేతికి అర మీటరు పైకి వేసిన సంచి సుమారు 0.64 సెకను గాలిలో ఉంటుంది. ఒక్కోసారి 0.3 సెకను పట్టుకుంటామనుకుంటే, మూడు సంచులతో ఆడేటప్పుడు చెయ్యి ఖాళీగా ఉండేది 0.33 సెకను. అదే ఎత్తులో అయిదు సంచులైతే 0.08 సెకను కూడా మిగలదు. పోనీ ఎత్తు పెంచుదామంటే, గాలిలో కాలం రెట్టింపు కావడానికి ఎత్తు నాలుగింతలు కావాలి. అయిదుకు పోయినవారు ఏళ్ల తరబడి చెమటోడ్చడానికి కారణం ఇదే. మనకు మూడు చాలు.

2004లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మూడు నెలలు మూడు బంతుల ఆట నేర్చినవారి మెదడులో, కదలికను చూసి గ్రహించే చోట బూడిదరంగు పదార్థం పెరిగిందనీ, సాధన మానేశాక కొంత తగ్గిందనీ తేలింది. దాన్ని చూపించి ఈ ఆటను మందుబిళ్లలా అమ్మేవారంటే నాకు చికాకు. సరదాకి ఆడేదానికి సాకు అక్కర్లేదు.

గింజల విషయంలో ఒక హెచ్చరిక. నేను మొదటిసారి పెసలు పోసి కుట్టాను. వానాకాలం వచ్చేసరికి సంచులకు సన్నని చిల్లులు పడి, ఎగరేసినప్పుడల్లా ముఖం మీద పిండి రాలింది. ఇప్పుడు రాగులను రెండు రోజులు ఎండలో ఆరబోసి, ముప్పావు వంతు మాత్రమే నింపుతున్నాను. నిండా కూరితే సంచి బంతిలా గట్టిపడి అరచేతిలోంచి ఎగిరిపోతుంది. కొంచెం వదులుగా ఉంటే అరచేతి గుంటలో ఒదుగుతుంది, ఆ 0.3 సెకను నిలుస్తుంది.

మంచానికి ఎదురుగా నిలబడి సాధన చేయండి. జారినవి దాని మీదే పడతాయి, నడుము వంచే పని తగ్గుతుంది. సభ ముగిశాక ఈ సంచులు ఇక్కడే ఉంటాయి. రెండు తీసుకుని మొదలుపెట్టండి. ఆ రెండూ పది సార్లు కంటి ఎత్తుకు వెళ్లి వచ్చేవరకు మూడోది బల్ల మీదే ఉండనివ్వండి.