వెలుగుతోంది కదా అని వదలకండి

శ్రోతలకు నమస్కారం.

అమలాపురానికి దగ్గరలో కొబ్బరితోట మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో కొబ్బరికాయలు రాశి పోసేవారు. ఇప్పుడు అక్కడ రెండు సీట్ల చిన్న విమానం తయారవుతోంది. తయారుచేస్తున్నది మా మేనల్లుడు.

సొంతంగా విమానం కట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1903లో విమానం ఎగరవేసిన రైట్ సోదరులది సైకిళ్ల వ్యాపారం. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి లేనిదే అలా కట్టిన విమానం నేల విడవకూడదు. ఆ కాగితాల సంగతి ఇవాళ ఎత్తుకోను. ఒక్క తీగ గురించి చెబుతాను. ఎర్తు తీగ, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారి.

మొన్న వేసవిలో దిగేటప్పుడు వాడే దీపం బిగించి స్విచ్చి వేశాడు. దీపం వెలిగింది. కాని దీపం వెలగగానే ఆయిల్ వేడి చూపే ముల్లు కదిలింది. ఇంజను ఆపే ఉంది. ఆయిల్ చల్లగానే ఉంది. మరి ముల్లు ఎందుకు కదలాలి? మల్టీమీటరుతో తీగలన్నీ పరీక్షించాడు. అన్నిచోట్లా మీటరు కూత పెట్టింది. అంటే తీగ ఎక్కడా తెగలేదు.

అప్పుడు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు బాగుచేసే పెద్దాయన ఒకరిని పిలిచాం. ఉప్పుగాలిలో ముప్పై ఏళ్లుగా తీగలతో పని చేసిన మనిషి. ఆయన ముల్లు వంక చూడనే లేదు. "బాబూ, ముందు దీపం వెలిగించు. వెలుగుతుండగా కొలుద్దాం" అన్నారు. మీటరును వోల్టులకు మార్చి, ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండో మొన దీపం ఎర్తు తీగ మీద పెట్టారు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. 1.8 చూపించింది! 12 వోల్టుల బ్యాటరీలో దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయన్నమాట.

తీగ కొసన బిగించే లోహపు రింగును లగ్గు అంటారు. అది విప్పి చూస్తే, దాని కింద విమానం అల్యూమినియం రేకు మీద రంగు అలాగే ఉంది, కరెంటుకు అడ్డంగా. లగ్గు మెడ దగ్గర తొడుగు చీల్చితే, రాగి పోగుల మీద ఆకుపచ్చ చిలుము. లోపలికి రెండంగుళాల దాకా పాకింది. ఆ చిలుమును నేను వేలితో తాకి చూశాను, పొడిలా రాలింది.

మీటరు కూతకు పిసరంత కరెంటు చాలు, ఒక్క పోగు మిగిలినా కూస్తుంది. 55 వాట్ల దీపం నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ బరువు మీద పడితేనే అతుకు అసలు రంగు బయటపడుతుంది. ఆయిల్ ముల్లుకూ అదే ఎర్తు కాబట్టి, అది తప్పు చెప్పింది. గాలిలో ఉండగా ముల్లు తప్పు చెబితే ఏం జరుగుతుందో తలచుకుంటేనే నాకు గుండె గుభేలుమంటుంది.

కొత్త తీగ వేశారు. రాగి పోగులకు తగరపు పూత ఉన్న తీగ. మన కోనసీమ గాలికి అదే కావాలి. లగ్గును టంకంతో అతకలేదు, సరైన పనిముట్టుతో నొక్కి బిగించారు. టంకం పోగుల్లోకి పాకితే తీగ అక్కడ బిరుసెక్కుతుంది. చీపురుపుల్లను ఒకేచోట అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో, ఇంజను అదురుకు ఆ అంచు దగ్గరే తీగ అలా తెగుతుంది. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూశారు. లగ్గుకు కాస్త ఇవతల తీగను క్లిప్పుతో కట్టేశారు. ఎర్తును రేకు మీద వదలకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కే తెచ్చారు, ముల్లుకు వేరుగా, దీపానికి వేరుగా.

 

దీపం మళ్లీ వేశాం. ముల్లు కదలలేదు. మీటరు 0.05 చూపించింది.

వెలుగుతోంది కదా అని వదలకండి. కూసింది కదా అని వదలకండి. వెలుగుతుండగా కొలవండి. ఇంటి కరెంటు మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, ఇది బ్యాటరీ తీగలకే.

మా మేనల్లుడు ఇప్పుడు ప్రతి ఎర్తు తీగనూ ఇలాగే కొలిచి, పక్కనే తేదీ వేసి నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు తీగ ఒక్కటి మిగిలింది. ఈ ఆదివారం పెద్దాయన వస్తానన్నారు.