41వ భాగం: రిక్వైర్మెంట్లు నాలుగు రకాలు, కౌంటు రెండు రకాలు

తమ్ముడు: …నిన్నటి దోసె అయితే ఇంత కారం లేదక్కా.

అక్క: రెండు తిన్నాక చెప్తా ఉండావు. మూతి తుడుచుకో, ఎర్ర లైటు వెలిగింది. అందరికీ నమస్కారం. పోయినసారి వాన మోతకు సగం మాటలు వినపడలేదని చాలామంది రాశారు. ఈసారి కిటికీలు మూసినాం.

తమ్ముడు: ఫ్యాను కూడా ఆపించింది. నెల్లూరులో ఈ ఉక్కపోతకు ఫ్యాను లేకుండా గంటసేపు.

అక్క: గంట పట్టదులే. ఈరోజు సంగతి రిక్వైర్మెంట్లలో రకాలు. రిక్వైర్మెంటు అంటే, చేయబోయే పనికి ఏం కావాలో తేల్చి రాసుకునేది. ఒంగోలు నుంచి ఒకమ్మాయి రాసింది. బిజినెస్ అనాలిసిస్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు రాసే ఈసీబీఏ పరీక్షకు చదువుతా ఉందంట. బిజినెస్ రిక్వైర్మెంటు, స్టేక్‌హోల్డర్ రిక్వైర్మెంటు చదివేటప్పుడు వేరువేరుగానే ఉంటాయి, సొంతంగా రాయబోతే రెండూ ఒకటే అయిపోతున్నాయి అంటుంది. మంచి ప్రశ్న. నాకూ మొదట్లో అట్టానే ఉండేది.

తమ్ముడు: దానికి ముందు నాదొకటి తేలాలి. పోయినసారి నేను "రిక్వైర్మెంట్లు సేకరించినా" అంటే, అందరూ వింటా ఉంటే ఆ మాట కొట్టేశావు.

అక్క: కొట్టేయాల్సిన మాటే కదబ్బయ్యా. సేకరించడం కాదు, రాబట్టడం. బిజినెస్ అనలిస్టుల సంఘం ఐఐబీఏ ఉంది కదా, వాళ్ల బాబోక్ గైడు 2015లో మూడో కూర్పు వచ్చింది. అందులో ఆరు విభాగాలుంటే ఒకటి మొత్తం దీనికే ఇచ్చారు. వాళ్లు వాడే మాట ఎలిసిటేషన్. ముందు నువ్వు సిద్ధమై పోవాలి. పోయి రాబట్టాలి. వచ్చి రాసుకున్నదాన్ని మళ్లీ ఆ మనిషికే చూపించి, నువ్వు చెప్పింది ఇదేనా అని ఖాయం చేసుకోవాలి. ఆ చివరిది ఎవరూ చేయరు.

తమ్ముడు: మనిషి తేటగా చెప్పినప్పుడు ఇంక రాబట్టేదేముందక్కా? నేను అడిగినా, ఆయన చెప్పినాడు, రాసుకున్నా. దానికింత పేరెందుకు?

అక్క: తేటగా చెప్పినాడా? అయితే కౌంటు సంగతి చెప్పు.

తమ్ముడు: అది ఇప్పుడెందుకు?

అక్క: చెప్పు. పాతవాళ్లకు తెలుసు, ఒంగోలు అమ్మాయికి తెలీదు.

తమ్ముడు: సరే. రొయ్యలు కొనే ఒకాయనకు చిన్న యాప్ చేసిచ్చినా. రొయ్యలు పట్టే రోజు గుంట గట్టు మీద కాటా వేస్తారు కదా, ఆ తూకాలన్నీ ఫోనులో ఎక్కించి సాయంత్రానికి ఒక జాబితా రావాలి. ఆయన అడిగింది ఒకే ముక్క: "పెద్ద కౌంటు పైన రావాలబ్బాయ్." నేను కౌంటు అనే గడిని పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరస పెట్టినా. పైన 100, తర్వాత 90, అట్టా కిందికి 30.

అక్క: రొయ్యల్లో కౌంటంటే ఏందో చెప్పు.

తమ్ముడు: కిలోకు ఎన్ని తూగుతాయో అది. 30 కౌంటంటే కిలోకు ముప్పై, ఒక్కోటి 33 గ్రాములు దాకా ఉంటుంది. 100 కౌంటంటే ఒక్కోటి పది గ్రాములే. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. నాకు తెలుసు ఇదంతా. నేను గుంటల మీదనే పెరిగినా. కానీ కంప్యూటరు ముందు కూర్చుంటే పెద్ద అంటే పెద్ద అంకె అయిపోయింది. ఆయన చెప్పింది పెద్ద రొయ్య.

అక్క: ఆ రోజు ఏమైంది?

తమ్ముడు: గుమస్తా ఆ కాయితం చూసి, పైన ఉన్నవే మంచి సరుకనుకుని ముందు వాటికి ఐసు కొట్టించి లోడెక్కించినాడు. 30 కౌంటు సరుకు ఎండలో నిలబడింది. ఎవురూ నన్నేమీ అనలా. ఆయన గమ్మున చూసినాడు అంతే. అది నేనిప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

అక్క: ఇప్పుడు చెప్పు, తేటగా చెప్పినాడా లేదా? ఆయన వైపు నుంచి చూస్తే తేటగానే చెప్పినాడు. నువ్వూ తేటగానే విన్నావు. మాట ఒకటే, మనసులో ఉన్నవి రెండు. అందుకే నేను ఏ పనిలో దిగినా మొదటి రోజే పదాల పట్టిక పెడతా.

తమ్ముడు: వచ్చేసింది పట్టిక.

అక్క: రానీ. గ్లాసరీ అని బాబోక్‌లో అదొక పద్ధతిగానే ఉంది. అందరూ దాన్ని బీఆర్‌డీ, అదే రిక్వైర్మెంట్లు రాసే పత్రం, దాని చివర్లో అనుబంధంగా పెడతారు, నేను మొదటి పేజీలో పెడతా. చెన్నైలో మొదట చేరినప్పుడు ఒక పెద్దాయన నేర్పినాడు: కొత్త చోటికి పోతే వాళ్లు రోజూ వాడే పది మాటలు రాసుకో, ఒక్కోటి ముగ్గురిని విడివిడిగా అడుగు, ముగ్గురూ ఒకే జవాబు చెబితే ముందుకు పో అని. ముగ్గురూ ఒకటే చెప్పింది నేను ఒక్కసారి కూడా చూడలా.

తమ్ముడు: అక్కా, మన ఊళ్లో ఎవురైనా పట్టిక పెట్టుకుని మాట్లాడతారా? పుట్టి అంటే అందరికీ పుట్టే.

అక్క: పుట్టి ఎంత?

తమ్ముడు: 850 కిలోల వడ్లు.

అక్క: నెల్లూరులో. మొలగొలుకులు అమ్మినా, ఇంకో రకం అమ్మినా ఇక్కడ 850. ఇంకో జిల్లాకు పోయి పుట్టి అను, వాళ్ల లెక్క వేరే ఉంటుంది. ధాన్యం కొనుగోలుకు రాష్ట్రం మొత్తానికీ ఒక సాఫ్ట్‌వేరు రాసేవాడు ఆ గడికి "పుట్లు" అని పేరు పెట్టి వదిలేస్తే? సరే, అంకణం చెప్పు.

తమ్ముడు: 72 చదరపు అడుగులు. ఎకరాకు 605 అంకణాలు.

అక్క: తిరుపతి పక్కకు పో, 36 అడుగులంటారు. సరిగ్గా సగం! ఇద్దరూ అంకణమనే అంటారు, ఇద్దరూ నిజమే చెప్తారు. స్థలం కొనేవాడు నెల్లూరోడు, అమ్మేవాడు అటువైపోడు అయితే? ఎవరూ మోసం చేయకుండానే ఒకడు మునిగిపోతాడు.

తమ్ముడు: అది ఒప్పుకుంటా. అంకణం దగ్గర మాత్రం ఒప్పుకుంటా. కానీ నువ్వు పట్టిక రాస్తే అన్నీ సర్దుకుంటాయన్నట్టు మాట్లాడతావు, దాన్నే నేను ఒప్పుకోను. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఏమైంది?

అక్క: అది నా ఉదాహరణ! ఆ కథ నీకు చెప్పిందే నేను.

తమ్ముడు: నువ్వు సగమే చెప్పినావు. నేను పూర్తిగా చదివినా. భూమ్మీద ఉండే సాఫ్ట్‌వేరు థ్రస్టర్ల లెక్కను పౌండ్-ఫోర్స్ సెకండ్లలో ఇచ్చింది, దారి లెక్కేసేవాళ్లు దాన్ని న్యూటన్ సెకండ్లనుకున్నారు. నాలుగున్నర రెట్ల తేడా. సెప్టెంబరు 23న అంగారకుడికి మరీ దగ్గరగా పోయి నాశనమైపోయింది. ఇక్కడిదాకా నువ్వు చెప్పింది. కానీ ఏ కొలమానంలో ఇవ్వాలో ముందే రాతపూర్వకంగా ఉంది. మెట్రిక్‌లోనే ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో రాసి పెట్టుకున్నారు. అంటే నీ పట్టిక ఉంది. ఉన్నా పోయింది.

అక్క: …

తమ్ముడు: చెప్పు.

అక్క: ఒక్క నిమిషం ఆగు. మెట్రిక్ అని రాసి ఉందా?

తమ్ముడు: ఉంది. దర్యాప్తు నివేదికలోనే ఉంది.

అక్క: అట్టయితే నేను ఇన్నాళ్లూ దాన్ని తప్పు చోట వాడుతున్నా. అది పదాల తప్పు కాదు, వెరిఫికేషన్ తప్పు. రాసుకున్నదాని ప్రకారం కట్టినామా లేదా అని సరిచూడకపోవడం. నీ కౌంటుది దానికి తిరగేసింది. రాసుకున్నట్టే కట్టినావు, రాసుకున్నదే ఆయనకు కావాల్సింది కాదు. అది వాలిడేషన్‌లో దొరకాల్సింది. ఈ రెండిటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఒంగోలు అమ్మాయీ, ఇది పనికొస్తుంది, రాసుకో.

తమ్ముడు: నేను చెప్పింది నిజమే కదా మరి.

అక్క: నిజమే. శ్రీహరికోట రాకెట్టు పైకి పోతా ఉంటే మనం మిద్దె మీద నిలబడి చూసినాం చూడు, అప్పుడు నాయన అన్నాడే…

తమ్ముడు: "కాటా సరిగ్గా ఉంటేనే అంత పైకి పోయేది."

అక్క: ఆ. ఆయన దృష్టిలో అన్నిటికీ కాటానే. సరే, అసలు సంగతికి వస్తాం, ఇప్పటికే సగం టైము అయిపోయింది. నాలుగు రకాలు. నీ యాప్‌నే తీసుకుందాం. బిజినెస్ రిక్వైర్మెంటు అంటే ఈ పని అసలెందుకు మొదలుపెట్టినాం అనేది. కాటా దగ్గర తూకం గొడవలు తగ్గి, రైతులు వేరే ఏజెంటు దగ్గరికి పోకుండా ఉండాలి. ఇందులో యాప్ అనే మాటే రాకూడదు. ఒంగోలు అమ్మాయీ, నువ్వు రాసినదాంట్లో స్క్రీను, బటను, రిపోర్టు లాంటి మాట కనిపిస్తే అది బిజినెస్ రిక్వైర్మెంటు కాదు. నేను వాడే గుర్తు ఇదొక్కటే.

తమ్ముడు: స్టేక్‌హోల్డరుది?

అక్క: ఒక్కో మనిషికి ఏం కావాలి అనేది. కొన్ని తెలుగు పత్రికల్లో స్టేక్‌హోల్డరును వాటాదారు అని రాస్తారు, చదివితే నాకు మనసు కష్టంగా ఉంటుంది. వాటాదారంటే షేర్లున్నవాడు. ఇక్కడ అర్థం, ఈ పని వల్ల ఎవరి బతుకులో ఏదైనా మారుతుందో వాడు. పట్టిక ఉంటే…

తమ్ముడు: అక్కా.

అక్క: సరే, సరే. నీ యాప్‌కు స్టేక్‌హోల్డర్లు ఎవరు?

తమ్ముడు: కొనే ఆయన, రైతు, గుమస్తా.

అక్క: కాటా దగ్గర తడి చేత్తో ఫోను పట్టుకునేది ఎవురు?

తమ్ముడు: కూలీకి వచ్చే పిల్లోడు… నేను వాణ్ణి అడగలా.

అక్క: వాణ్ణి అడిగుంటే కౌంటు సంగతి అరనిమిషంలో తేలిపోయేది. మూడోది సొల్యూషన్ రిక్వైర్మెంటు, అందులో రెండు. తూకం ఎక్కగానే రైతు ఫోనుకు సందేశం పోవాలి, అది ఫంక్షనల్. సిగ్నల్ లేని గట్టు మీద కూడా పనిచేయాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో అంకెలు కనపడాలి, అవి నాన్‌ఫంక్షనల్. "త్వరగా రావాలి" అని రాయొద్దు, ఎన్ని సెకండ్లో రాయి. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చే మాస్కో పద్ధతి గురించి కూడా ఎవరో అడిగారు. మస్ట్, షుడ్, కుడ్, వోంట్. 1994లో డై క్లెగ్ పెట్టింది. వోంట్ అంటే ఎప్పటికీ వద్దని కాదు, ఈ విడతలో లేదని. ఆ మాట క్లయింటుకు చెప్పకపోతే యుద్ధమే. ఇంక నాలుగోది ట్రాన్సిషన్.

తమ్ముడు: పాతదాన్నుంచి కొత్తదాంట్లోకి మారేదాకా కావాల్సినవి. పాత లెక్కలు ఎక్కించడం, మనుషులకు నేర్పించడం. మార్పు అయిపోతే వీటితో పని లేదు.

అక్క: అంతే. పని లేదు కాబట్టి అందరూ చివర్లో చూద్దాంలే అంటారు.

తమ్ముడు: …నేను కూడా అట్టానే అన్నా.

అక్క: వద్దులే. అది వద్దు.

తమ్ముడు: లేదక్కా, చెప్తా. నాయన చనిపోయిన ఏడాది మేత కొట్టు లెక్కలు నేనే కంప్యూటర్లో ఎక్కించినా. ఆయన చిట్టాలు పదకొండు. రైతు పేరు, తీసుకున్న మేత బస్తాలు, ఇచ్చిన డబ్బు, తేదీ. ఆయన రాత ముత్యాలు. ఎక్కించడానికి ఏ ఇబ్బందీ లేదు. కొన్ని పేర్ల పక్కన మాత్రం చిన్న సున్నా చుట్టి ఉంటుంది. సున్నా అంటే ఏమీ లేదనుకుని వదిలేసినా.

అక్క: నేనూ చూసినా ఆ సున్నాలు. నేనూ అడగలా.

తమ్ముడు: బాకీలకు వడ్డీ లెక్క దానంతటదే వేసి అందరికీ మెసేజీలు పోయినాయి. రెండో రోజు తెల్లారి ఆరింటికి ఒకాయన గేటు దగ్గర నిలబడినాడు. చేతిలో డబ్బు. "మీ నాయన వడ్డీ అడగలా. నువ్వు అడిగినావు, తెచ్చినా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. పాత గుమస్తాను అడిగితే అప్పుడు చెప్పినాడు. ఆ సున్నా, వైట్ స్పాట్ రోగం వచ్చి గుంట తుడిచిపెట్టుకుపోయినోళ్లకంట. వాళ్లకు అసలే తప్ప వడ్డీ వద్దని నాయన గుర్తు.

అక్క: అది పుస్తకంలో యాడా రాసి లేదు. ఆయనకు రాసుకోవాల్సిన అవసరమే లేదు.

తమ్ముడు: ఎన్ని ఇళ్లకు పోయినానో తెలుసు కదా నీకు. డబ్బు వెనక్కిచ్చేందుకు.

అక్క: తెలుసు. రెండిళ్లకు నేను కూడా వచ్చినా.

తమ్ముడు: డాక్యుమెంట్ అనాలిసిస్ అంటావు చూడు, పాత కాయితాలు చదివి రిక్వైర్మెంట్లు తీయడం, దాని గురించి ఎవురైనా మాట్లాడితే నాకు ఆ సున్నానే గుర్తొస్తుంది. కాయితంలో అంతా ఉంది. అర్థం ఆ మనిషి దగ్గర ఉండిపోయింది.

అక్క: నువ్వు సేకరించినా అంటే నాకు కోపం వచ్చేది అందుకేరా. నీ మీద కాదు.

తమ్ముడు: తెలుసులే.

అక్క: మంచినీళ్లు తాగు. …ట్రేసబిలిటీ ఒక్కటి చెప్పేసి ఆపుదాం, ఆ అమ్మాయి ఉత్తరంలో అది కూడా ఉంది. ప్రతి రిక్వైర్మెంటుకూ ఒక నంబరు. అది ఏ బిజినెస్ అవసరం నుంచి పుట్టింది, ఏ డిజైనులోకి పోయింది, ఏ టెస్టుతో సరిచూసినాం, ముందుకూ వెనక్కూ పట్టుకుని పోగలగాలి. వెనక్కు పోతే ఏ అవసరమూ దొరకని రిక్వైర్మెంటు ఉంటే అది ఎవరో ఒకరి ముచ్చట. దాన్ని…

తమ్ముడు: ఒక్క నిమిషం, ఫోను. చెప్పన్నా… ఎప్పుడు?… జనరేటరు ఎక్కలేదా? రెండో గుంటలో రొయ్యలు పైకి తేలుతున్నాయా? …వస్తా ఉండా, పది నిమిషాల్లో అక్కడుంటా. అక్కా, కరెంటు పోయిందంట, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగినాయి.

అక్క: బండి తాళం మేడ మీద ఉండాది. ఆక్సిజన్ చూసే డీఓ మీటరు తీసుకున్నావా?

తమ్ముడు: అది గుంట దగ్గరే ఉంది. డీజిల్ క్యాను యాడ పెట్టినావు?

అక్క: మెట్ల కింద. నిదానంగా పో, నేను వదినకు ఫోను చేసి చెప్తా.