కాపలా ఊరి ఒడ్డు నుంచే: అపో దీవి మత్స్యకారుల కథ

నమస్కారం. సముద్రంలో ఫలానా చోట ఇక వల వేయవద్దని మత్స్యకారుడికి చెప్పడమంటే, రైతును పొలంలో కొంత బీడు పెట్టమనడమే. ఆ మాటకు ఊరివాళ్ళే ఒప్పుకొని, తామే కాపలా కాసిన దీవి ఒకటి ఫిలిప్పీన్స్‌లో, నీగ్రోస్ తీరానికి దగ్గరలో ఉంది. దాని పేరు అపో. విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు.

1970ల నాటికి ఆ ప్రాంతంలో బాంబులు పేల్చి, సైనైడ్ చల్లి, సన్నకన్ను వలలు వేసి చేపలు పట్టడం వల్ల పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి, వేట తగ్గిపోయింది. సిల్లిమాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా బృందం అప్పటికే, 1974లో, సుమిలాన్ అనే మరో దీవి దగ్గర వేట లేని ప్రాంతాన్ని ఏర్పాటు చేయించింది. అపో మత్స్యకారులను అక్కడికి తీసుకువెళ్ళి, పెరిగిన చేపలను వాళ్ళ కళ్ళకే చూపించారు. అయినా ఊరు వెంటనే ఒప్పుకోలేదు. సుమారు మూడేళ్ళు మాట్లాడాక, 1982లో కొన్ని కుటుంబాలు ముందుకు వచ్చాయి.

వాళ్ళు ఎంచుకున్న చోటును కాస్త గమనించండి: ఒడ్డు వెంట సుమారు 450 మీటర్లు, లోపలికి 500 మీటర్లు, అదీ ఊరికి ఎదురుగానే. ఒడ్డున ఒక్క మనిషి కూర్చుంటే హద్దు మొత్తం కనిపిస్తుంది కనుక, పడవలూ జీతగాళ్ళూ అక్కరలేకుండా, ఆ కుటుంబాలు వంతులవారీగా కాపలా కాశాయి. మిగిలిన నీళ్ళలో గేలాలతో, పెద్దకన్ను వలలతో వేట సాగుతూనే ఉంది. నిషేధించింది విధ్వంసక పద్ధతులను మాత్రమే. లోపల పెరిగిన చేపలు హద్దు దాటి బయటి నీళ్ళలోకి వచ్చాయని తరువాతి ఏళ్ళ పరిశోధనలు చూపాయి. 1985లో స్థానిక ప్రభుత్వ శాసనం కూడా తోడైంది.

సుమిలాన్‌లో జరిగింది వేరు. స్థానిక పాలన మారాక, 1984లో అక్కడ రక్షణ సడలి వేట మొదలైంది; రెండేళ్ళలోపే చుట్టుపక్కల దొరికే చేప దాదాపు సగానికి పడిపోయింది. శాస్త్రం రెండుచోట్లా ఒకటే. కాపలా ఎవరి చేతిలో ఉందన్నదే తేడా అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే 1994లో అపోను జాతీయ రక్షిత ప్రాంతాల చట్టం కిందికి తెచ్చి, నిర్వహణను ప్రభుత్వ ప్రతినిధులు కూడా ఉన్న మండలికి అప్పగించడం నాకు కొంత బాధ కలిగిస్తుంది. చట్టబలం పెరిగిన మాట నిజమే. కానీ తామే నిలబెట్టుకున్న నీళ్ళ మీద తమ మాట తగ్గిందని ఊరివాళ్ళు అనుకోవడంలో న్యాయముంది. మన తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఉంది, కానీ దాని తేదీలను నిర్ణయించేది ప్రభుత్వమే.

2011, 2012 డిసెంబరు నెలల్లో వచ్చిన తుఫాన్లకు అపో రక్షిత ప్రాంతంలోని పగడాలు విరిగి ముక్కలయ్యాయి. అవి తిరిగి పెరగాలని ఆ భాగాన్ని ఈతగాళ్ళకు, డైవర్లకు మూసివేశారు.