ఆ చప్పుడు చైనుదేనా?

శ్రోతలకు నమస్కారం.

మా బావమరిదికి ఒక పాత పికప్ ట్రక్కు ఉంది. తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు ఎత్తుకుని దుకాణాలకు వేస్తుంటాడు. మొన్న చలికాలంలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"బావా, ఇంజన్ ముందువైపు గరగరమంటోంది. టైమింగ్ చైన్ పోయిందన్నాడు ఉస్తాద్. ముందు భాగమంతా విప్పాలట. 40 వేలట."

"ఎలా తెలిసిందట?"

"విన్నాడు."

"విని?"

"విని చెప్పాడు బావా!"

నేను బస్ డిపో గ్యారేజీలో 30 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. చెవితోనే రోగం పట్టే మేస్త్రీలు నాకు తెలుసు, వాళ్లంటే గౌరవమే. కానీ ఇంజన్ ముందు భాగం చేపల మార్కెట్ లాంటిది. ఫ్యాను, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, బెల్టును బిగించే పుల్లీ, వాటి వెనక కవరు లోపల చైను, అన్నీ పక్కపక్కనే ఉండి ఒకేసారి అరుస్తాయి. అందులో ఏ గొంతు ఎవరిదో అర నిమిషంలో తేల్చడం ఎంతటివాడికైనా కష్టమే.

ఇంతకీ ఈ చైను చేసేదేమిటి? కింద పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అప్పుడే గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే ఆ వాల్వులు వేళకు తెరుచుకుని వేళకు మూసుకుంటాయి. ఆ రెంటినీ కలిపి తిప్పేదే టైమింగ్ చైను. అన్ని బళ్లలోనూ చైనే ఉండదు. కొన్నింట్లో రబ్బరు బెల్టు, పెద్ద లారీల్లో, బస్సుల్లో ఎక్కువగా గేర్లు. మా డిపోలో మేం విప్పినవన్నీ దాదాపు గేర్ల ఇంజన్లే. అందుకే మీ మెకానిక్ ఆ మాట అనగానే, "ఈ ఇంజన్లో ఉన్నది చైనేనా?" అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.

చైను సాగిందంటారు గానీ ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకులోనూ పిన్ను కొంచెం అరుగుతుంది. ఆ కొంచేలన్నీ కలిసి చైను పొడుగవుతుంది. ఆ వదులును ఎప్పటికప్పుడు లాగి పట్టుకునేది టెన్షనర్. చాలా ఇంజన్లలో అది ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. అంటే ఆయిల్ తక్కువైనా, స్టార్ట్ చేశాక ప్రెషర్ ఆలస్యంగా వచ్చినా, బాగున్న చైను కూడా తాను ఆనుకుని జారే పట్టీకి, అంటే గైడుకు, కొట్టుకుని గలగలమంటుంది.

మర్నాడు నేనే ఆటోనగర్ వెళ్లాను. మొదట డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ కింది గీత కంటే దిగువన ఉంది. మా వాడి ముఖం చూడలేదు, చూస్తే తిట్టేవాణ్ణి.

"ఉస్తాద్, ఒక్కసారి ఫ్యాన్ బెల్టు తీసి స్టార్ట్ చేద్దామా?" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నమ్మకం ఉండబట్టే నీ దగ్గరికొచ్చాం. 40 వేలు పెట్టేవాడు వీడు. వీడికి ఒకసారి చూపించు."

బెల్టు తీశాడు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చాలా బళ్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి అర నిమిషం మించి నడపకూడదు. స్టార్ట్ చేస్తే గరగర లేదు. బెల్టు పుల్లీని చేత్తో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు తగిలింది. బేరింగు పోయింది. రాణిగంజ్‌లో పుల్లీ కొని తెచ్చాం, గంటలో పని అయిపోయింది.

ఇక్కడితో కథ ముగిస్తే నేను గొప్పవాణ్ణయిపోతాను. అలా జరగలేదు. మరుసటి పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే మూడు సెకన్లు గలగలమని చప్పుడు ఆగిపోయింది. "నేను చెప్పలేదా సార్?" అన్నాడు ఉస్తాద్. నిజమే, అది చైను వైపు చప్పుడే.

ఈసారి అతనే ముందుకొచ్చాడు. వాల్వ్ కవరు విప్పి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి, క్రాంకు, క్యాము సరైన పొంతనలో ఉన్నాయని చెప్పే టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూశాడు. కలిశాయి. స్పానర్‌ను అటూ ఇటూ కదిపి, క్యామ్ ఎంత ఆలస్యంగా కదులుతోందో మాకు చూపించాడు. వదులు ఉంది, కొంచెమే. నాకు కావలసింది ఆ చూపించడమే. కొత్త బళ్లలో స్కానర్ పెడితే క్రాంకుకూ క్యాముకూ పొంతన లేదని కోడ్ రావచ్చు. అయినా అది తేడా ఉందని చెబుతుందే తప్ప తేడా చైనులోనా, సెన్సార్‌లోనా, వైరులోనా అన్నది చెప్పదు.

తరవాత ఆయిల్ ఫిల్టర్ చూశాం. పక్కకో తలకిందులుగానో బిగించే ఫిల్టర్లలో, బండి ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది. చవక సరుకులో ఆ రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతే పొద్దున టెన్షనర్ ఖాళీగా ఉంటుంది. మంచి ఫిల్టర్ పెట్టి, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ నింపాం. గలగల మూడు సెకన్ల నుంచి ఒకటికి వచ్చింది.

చైను మార్చాల్సిన రోజు రాదని కాదు. గుర్తులు తప్పినా, ఇంజన్ వేడెక్కాక కూడా కవరు లోంచి చప్పుడు ఆగకపోయినా బండి నడపొద్దు. చైను పళ్లు జారితే చాలా ఇంజన్లలో పిస్టన్ వెళ్లి వాల్వులను కొట్టొచ్చు. అప్పుడు 40 వేలు చిల్లర లెక్క. మార్చేటప్పుడు చైను ఒక్కటే కాకుండా గైడులు, టెన్షనర్, పళ్లచక్రాలు కలిపి వేయించండి. పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇనప సామాన్లవాడికి వేసినా సరే.

మా వాడు ఇప్పుడు రోజూ తెల్లవారుజామున మూడున్నరకి నాకు ఫోన్ చేసి, బానెట్ దగ్గర ఫోను పెట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తున్నాడు. "ఎంత బావా?" అంటాడు. నేను దుప్పట్లోంచే లెక్కపెట్టి, "ఒకటే, పో" అని పెట్టేస్తున్నాను.